గంటకు ఒకటిన్నర కిలోమీటరు

పాయింట్ కుక్ కు కొత్తగా వచ్చిన వారెవరికైనా ఒక సందేహం కలగక మానదు. ఇక్కడి నేల చాప పరిచినట్టు ఉంటుంది. కొండ సంగతి అలా ఉంచండి, చెప్పుకోదగ్గ మిట్ట కూడా లేదు. 1914 లో ఆస్ట్రేలియా సైన్యం తన మొదటి విమానాన్ని ఇక్కడి నుంచే ఎగరేసిందంటే ఈ చదును కూడా ఒక కారణం అయి ఉండాలి. అటువంటి ఊళ్లో ఏ వీధిలోకి వెళ్లినా ఇంటి ముందు నాలుగు చక్రాల లాగుడు బండ్లే! సగం బండ్లకు బురద మరక కూడా ఉండదు. పిల్లలను బడికి దింపడానికీ, వెరిబీలో కూరగాయలు తేవడానికీ ఇంత హంగు ఎందుకని మేమూ చాలాకాలం నవ్వుకున్నాము.

ఇప్పుడు అంతగా నవ్వడం లేదు. మన కుటుంబాల్లో కొందరు నిజంగానే రాళ్ల దారులు పడుతున్నారు. ముందు లెర్డర్‌డెర్గ్ అడవి, వోంబాట్ అడవి, ఆ తరువాత డార్గో, వోనంగాటా వైపు ఎత్తు కొండలు. సంఘం సమావేశాల్లో ఒకప్పుడు ఇళ్ల ధరల గురించే మాట్లాడుకునే మగవాళ్లు ఇప్పుడు పులిహోర ప్లేటు చేతిలో పట్టుకుని "మీ క్రాల్ రేషియో ఎంతండీ?" అని అడుగుతున్నారు. ఆడవాళ్లలోనూ అడిగేవారు ఉన్నారు, వారు అడిగే ప్రశ్నలే మెరుగు కూడాను. ఈ లో-గేరు సంగతేమిటో, బండి కడుపు కోసి లోపలి పళ్లచక్రాలు మార్చడం అవసరమా కాదా రాయమని ముగ్గురు నలుగురు అడిగిన మీదట ఈ నాలుగు పేజీలు.

ముందు మనకు తెలిసిన బండితో మొదలుపెడదాము. మనలో యాభై దాటిన వారికి సమితి బి.డి.ఓ. గారి జీపు గుర్తుండే ఉంటుంది. డ్రైవరు పక్కన నేల మీది నుంచి పెద్ద గేరు కర్రతో పాటు పొట్టి కర్రలు కూడా పొడుచుకువచ్చి ఉండేవి. వాటిని ముట్టుకుంటే డ్రైవరు కసిరేవాడు. ఆ జీపు పూర్వీకుడు, రెండవ ప్రపంచ యుద్ధం నాటి విల్లిస్, గేరుపెట్టె వెనుక ఇంకొక పెట్టె మోసేది. ఇంజను బలాన్ని ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ పంచిపెట్టడం దాని మొదటి పని, కనుక ట్రాన్స్‌ఫర్ కేసు అన్నారు. రెండవ పని, కావలసినప్పుడు ఆ తిరుగుడును మరింత మెల్లగా చేయడం. దాన్నే లో-రేంజి అంటారు. విల్లిస్ లో ఆ మందగింపు 1.97 రెట్లు. మొదటి గేరు 2.665, ఇరుసులోని డిఫరెన్షియల్ 4.88. మూడింటినీ గుణిస్తే 25.6 వస్తుంది. అంటే ఇంజను 25.6 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. ఈ లబ్ధమే క్రాల్ రేషియో. ఎనిమిదో తరగతి లెక్క, అంతకు మించి ఇందులో మంత్రం లేదు.

ఇక ఈనాటి జిమ్నీ. ఈ బండి మీద మనవాళ్లకు ఒక మమకారం ఉంది. 1985 లో మారుతి వారు దింపిన జిప్సీ దీనికి తోబుట్టువే. మన వైపు పోలీసులతో, అటవీశాఖ వారితో తిరిగి తిరిగి అరిగిపోయిన బండి అది. అదే బండిని ఆస్ట్రేలియాలో సుజుకి సియెరా అని అమ్మారు. కొన్నాళ్లు హోల్డెన్ వారు తమ ముద్ర కొట్టి డ్రోవర్ అన్నారు. ఇప్పుడు వస్తున్న అయిదు తలుపుల జిమ్నీ ఎక్స్.ఎల్. ఏకంగా హర్యానాలోని గురుగ్రాంలో తయారై ఓడెక్కి వస్తోంది. మనలాగే భారతదేశంలో పుట్టి విక్టోరియా నంబరు ప్లేటు తగిలించుకున్నదన్నమాట. తలుపులు అయిదైనా సీట్లు నాలుగే సుమా! అత్తగారో అమ్మగారో ఊరి నుంచి వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఇంట్లో ఉండిపోవలసిందే.

మాన్యువల్ జిమ్నీలో మొదటి గేరు 4.425, లో-రేంజి 2.002, ఇరుసు 4.09. గుణిస్తే 36.2. దీన్ని నడక వేగంలోకి మార్చి చూద్దాము. కాలు తీసేసినా ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకుంటే చక్రం 22 చుట్లు తిరుగుతుంది. కంపెనీ టైరు వ్యాసం 693 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు రెండు మీటర్ల పద్ధెనిమిది సెంటీమీటర్లు. కనుక నిమిషానికి 48 మీటర్లు, గంటకు 2.9 కిలోమీటర్లు. మనం తీరుబడిగా నడిచేది గంటకు నాలుగయిదు. అంతకన్నా మెల్లగానే పోతోంది గదా, ఇంకా ఏం కావాలి అనిపిస్తుంది. మట్టి దారి మీద, ఇసుక మీద ఏమీ అక్కరలేదు. మోకాలెత్తు రాళ్లు మెట్లు మెట్లుగా పేర్చినట్టున్న దారిలో మాత్రం అదే 2.9 చాలా ఎక్కువ. ముందు చక్రం ఒక రాయి దిగి రెండో రాయికి తగిలేలోపు కళ్లతో చూసి, ఆలోచించి, స్టీరింగు కొద్దిగా తిప్పే వ్యవధి దొరకదు. దొరకనప్పుడు డ్రైవరు ఏం చేస్తాడు? క్లచ్చి మీద కాలు వేస్తాడు. సగం నొక్కి సగం వదిలి బండిని ఊగిస్తాడు. పావుగంటలో మాడిన వాసన వస్తుంది. ఆ వాసన ఒకసారి పీల్చినవారు జన్మలో మరిచిపోరు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. లో-గేరు బలం కోసమని చాలామంది అనుకుంటారు. నిజానికి బలం కొరత అంతగా లేదు. జిమ్నీ ఇంజను మెలి బలం, అంటే టార్కు, గరిష్ఠంగా 130 న్యూటన్ మీటర్లు. 36 తో గుణిస్తే నాలుగు వేల ఏడు వందల దరిదాపు. బండి బరువు పదకొండు వందల కిలోలు. ఆ బరువుతో ఎండిన రాతి మీద టైర్లన్నీ కలిసి పట్టి ఉంచగలిగేది మూడు వేల చిల్లర. అంటే పూర్తి బలం వాడకముందే టైర్లు జారతాయి. కంపెనీ ఇచ్చిన బలమే టైరు పట్టుకు మించి ఉన్నది. మరి మనకు కావలసిందేమిటంటే ఇంజను ఆగిపోకుండా, క్లచ్చి తొక్కకుండా, బండిని చీమలా పాకించడం. లో-గేరు మార్పు ముఖ్యంగా ఆలస్యం కొనుక్కోవడం. ఈ మాట మొదట విన్నప్పుడు మాకూ తమాషాగా తోచింది. డబ్బిచ్చి వేగం కొనుక్కునేవారిని చూశాము గాని మందగమనం కొనుక్కునేవారిని చూడలేదు.

దిగుడు సంగతి మరీ ముఖ్యం. ఎక్కడం చేతకాకపోతే బండి ఆగిపోతుంది, అంతే. దిగడం చేతకాకపోతే ఆగదు. మాకు బాగా తెలిసిన ఒక కుటుంబం (పేరు రాయవద్దన్నారు) రెండేళ్ల కిందట లో-రేంజి లేని ఒక పట్నపు బండిలో డార్గో వైపు ఒక పొడుగాటి రాళ్ల దిగుడు దిగారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, తెనాలి నుంచి వచ్చిన పెద్దావిడ. ఇరవై నిమిషాలు బ్రేకు మీదే కాలు. బ్రేకులు కాగిపోయి పెడలు నేలను తాకింది. ఆయన గాభరా పడకుండా బండిని కొండ వైపు గట్టుకు ఆనించి ఆపాడు. రెండో వైపు ఏమున్నదో రాయనక్కరలేదు. ఫోనుకు సిగ్నలు లేదు. గంటన్నర తరువాత వెనుక వచ్చిన మరొక బండివారు తమ రేడియోతో సాయం పిలిచారు. అందరూ క్షేమం. పెద్దావిడ అన్న మాట మాత్రం వారింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు: "ఒరే నాయనా, చెరువుకట్ట దిగేటప్పుడు ఎడ్లు మెడ వెనక్కి నెట్టి బండిని పట్టుకుంటాయిరా. నీ బండిలో ఎడ్లు పట్టుకోవడం లేదు."

ఇంతకన్నా బాగా ఇంజను బ్రేకింగు గురించి ఏ ఇంజనీరూ చెప్పలేడు. లో-రేంజి మొదటి గేరులో దిగుతుంటే చక్రాలు ఇంజనును తిప్పవలసి వస్తుంది. ఇంజను తిరగనని మొరాయిస్తుంది. ఆ మొరాయింపు గేర్ల గుణింతంతో పెరిగి చక్రం దగ్గరకు చేరుతుంది. ఎడ్లు పట్టుకోవడం అంటే అదే. గుణింతం ఎంత పెద్దదైతే ఎడ్లు అంత గట్టివి.

సరే, లోపలి పళ్లు ఎలా మారుస్తారు? ఈ విద్యకు పాఠ్యపుస్తకం లాంటిది పాత సియెరానే. దాని ట్రాన్స్‌ఫర్ కేసు గేరుపెట్టెకు అంటుకుని ఉండదు. విడిగా చట్రానికి మూడు చేతుల మీద వేలాడుతూ, మధ్యలో ఒక పొట్టి షాఫ్టుతో కలిసి ఉంటుంది. గేరుపెట్టెను కదిలించకుండానే దాన్ని ఒక్కదాన్నీ దింపి బల్ల మీద పెట్టుకోవచ్చు. లోపల మూడు షాఫ్టులు. ఒకటి బలం తెచ్చేది, మధ్యది, ఒకటి పంచిపెట్టేది. పెద్ద ఇంజను రకానికి లో-రేంజి 2.268, హై-రేంజి 1.409. చిన్న చక్రం పళ్లు తగ్గించి, దానితో కలిసే పెద్ద చక్రం పళ్లు పెంచితే మందగింపు పెరుగుతుంది. అలా నాలుగు రెట్ల పైచిలుకు నుంచి ఆరున్నర రెట్ల వరకు సెట్లు అమ్ముతారు. 3.652 మొదటి గేరు, 3.909 ఇరుసు ఉన్న సియెరాలో అసలు క్రాల్ రేషియో 32.4. దాని లో-రేంజిని 4.16 చేస్తే మొత్తం 59 దాటుతుంది. 6.5 చేస్తే దాదాపు 93. పోలికకు చెబితే, రాళ్ల దారికే పుట్టిందని పేరు మోసిన జీప్ రాంగ్లర్ రూబికాన్ మాన్యువల్ ది 84. ముప్పై ఏళ్ల పాత చిన్న బండి దాన్ని మించిపోతుందంటే సియెరావారు ఎందుకంత గర్వంగా ఉంటారో తెలుస్తుంది.

పని మాత్రం బల్ల మీద పూలు గుచ్చినంత సుకుమారం కాదు. పెట్టె విప్పినప్పుడే బేరింగులు, సీళ్లు అన్నీ కొత్తవి వేయాలి. రెండు వందల డాలర్లు మిగులుతాయని పాతవి ఉంచేస్తే ఆరు నెలల్లో మళ్లీ విప్పాలి. కొన్ని సెట్లకు పెద్ద చక్రం పట్టడానికి పెట్టె లోపలి గోడ కొద్దిగా అరగదీయాలి. ఆ రజను ఒక్క పలుకు మిగిలినా బేరింగులో చేరి నమిలేస్తుంది, కనుక కడగడమే సగం పని. ఆ మూడు చేతుల కింద ఉండే రబ్బరు దిమ్మలు పెరిగిన మెలికను తట్టుకోలేవు. వాటిని గట్టివి చేయకపోతే మంచి రాయి మీద పెట్టె మొత్తం మెలితిరుగుతుంది.

మరొక చిక్కు ఉన్నది, దీన్ని అమ్మేవాళ్లు చిన్న అక్షరాల్లో రాస్తారు. ఒక గొలుసులో ఒక లంకెను బలపరిస్తే పక్క లంకె బలహీనమవుతుంది. టైరు జారిపోతున్నంతసేపు ఇరుసుకు హాని లేదు, జారడమే దానికి కాపుదల. కాని ఒక చక్రం రెండు బండల మధ్య ఇరుక్కుందనుకోండి. జారే వీలు లేదు. అప్పుడు రెట్టింపైన మెలిక అంతా ఆ ఒక్క అర ఇరుసు మీద పడుతుంది. ముందు చక్రాలు పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు యాక్సిలరేటరు తొక్కితే సి.వి. జాయింటు టప్పున పోతుంది. ఈ మార్పు చేసినవారు మొదట నేర్చుకోవలసింది కుడికాలు ఎత్తి ఉంచడం. ఇంజను దాని నడక అది నడుస్తుంది, మనం స్టీరింగు చూసుకుంటే చాలు. కాలు నిలవనివారు ఈ జోలికి పోకపోవడమే మేలు.

జిమ్నీకి వద్దాము. లో-రేంజిని లెక్క సులువుగా 4 చేశామనుకుందాము. మొత్తం 72.4 అవుతుంది. టైరు కూడా కొంచెం పెద్దది, 235/75 పదిహేను అంగుళాలది వేశామనుకుందాము, వ్యాసం 733. అప్పుడు ఇంజను 800 చుట్ల దగ్గర గంటకు 1.5 కిలోమీటర్లు. రాయికీ రాయికీ మధ్య ఆలోచించుకునే వ్యవధి దాదాపు రెట్టింపు. ఇదే పెద్ద టైరు వేసి గేర్లు మార్చకపోతే గంటకు మూడు దాటుతుంది. అనగా పెద్ద టైరు మనకు తెలియకుండానే మన లో-గేరును అరగదీస్తుంది. ముందు టైర్లు, తరువాత ఎత్తు పెంచడం, ఆఖరున గేర్లు అని వెళ్లేవారు అందరూ ఈ గుంటలోనే పడతారు. అందంగా కనబడేవి మొదట కొంటారు గదా, కడుపులో ఉండేవి ఎవరికి కనబడతాయి?

ఇరుసులోని డిఫరెన్షియలే మార్చేస్తే సరిపోదా అని ఒకరు అడిగారు. మార్చవచ్చు. కాని అది హై-రేంజికి కూడా వర్తిస్తుంది. మాన్యువల్ జిమ్నీ ప్రిన్సెస్ ఫ్రీవే మీద వంద వేగంతో జీలాంగ్ పోతుంటే ఇంజను ఇప్పటికే నిమిషానికి 3,100 చుట్లు తిరుగుతూ ఉంటుంది. ఇరుసును ఇరవై శాతం తగ్గిస్తే 3,700 దాటుతుంది. ఆ రొదలో పక్క సీటులోని మనిషితో మాట్లాడాలంటే కేకలు వేయాలి. (కొందరికి ఇది సౌకర్యమే కావచ్చు, మేము ఆ చర్చలోకి దిగము.) వారానికి అయిదు రోజులు ఆఫీసుకు పోయే బండికి లో-రేంజి ఒక్కటే మార్చి రోడ్డు మీది నడకను దాదాపు అలాగే ఉంచే సెట్టే తగినది. కొన్ని సెట్లు హై-రేంజిని కూడా కొంత తగ్గిస్తాయి. పెద్ద టైరు ఉంటే అది లాభమే, లేకుంటే నష్టం. కొనే ముందు రెండు అంకెలూ అడగండి. ఆటోమేటిక్ గేర్లవారికి ఈ తొందర లేదు. ఆ బండ్లలో క్లచ్చికి బదులు ఉండే టార్కు కన్వర్టరు కొంత జారుడును తానే భరిస్తుంది. ఎక్కేటప్పుడు వారు మాన్యువల్ వారికన్నా సుఖపడతారు, దిగేటప్పుడు ఎడ్లు మాత్రం కొంచెం బక్కచిక్కినవి.

చట్టం సంగతి కూడా చూడాలి. విక్టోరియాలో ఇటువంటి బండ్లకు కంపెనీ చెప్పిన పెద్ద టైరు కన్నా వ్యాసం 50 మిల్లీమీటర్లకు మించి పెరిగితే సంతకం చేసే ఇంజనీరు పత్రం కావాలి. పైన చెప్పిన టైరు 40 పెరుగుతుంది, సరిపోతుంది. సియెరాకు 31 అంగుళాలవి వేసి తిరిగేవారు ఆ హద్దు ఎప్పుడో దాటారు. టైరు మారితే స్పీడామీటరు తక్కువ చూపిస్తుంది, జరిమానా మాత్రం అసలు వేగానికే వేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, గేర్లు మార్చిన సంగతి ఇన్సూరెన్సు వారికి రాతపూర్వకంగా చెప్పండి. లోపలి పళ్లు ఎవరికి కనబడతాయిలే అనే ధీమా ప్రమాదం జరిగిన మర్నాడు పనిచేయదు. కొత్త బండి అయితే, మార్చిన భాగం వల్ల వచ్చిన చెడుపుకు వారంటీ ఆశించకండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ డార్గో కుటుంబం పట్నపు బండి అమ్మేసి లో-రేంజి ఉన్న వాడిన బండి కొన్నది. ఆయన గేర్లు కూడా మార్చేద్దామన్నాడు. ఆవిడ వృత్తిరీత్యా లెక్కల మనిషి, "ఏమండీ, ముందు ఉన్న గేరుతో ఏం చేయగలమో చూసి ఆ తరువాత చెక్కు రాద్దాము" అన్నది. ఇద్దరూ ఒక రోజు శిక్షణకు వెళ్లారు. టైర్లలో గాలి 35 నుంచి 18 పౌండ్లకు దించితే రాయి మీద టైరు చపాతీ పిండిలా పరుచుకుని పట్టు ఎంత పెరుగుతుందో అక్కడ కళ్లారా చూశారు. గాలి తీయడానికి డబ్బు అక్కరలేదు, తిరిగి నింపడానికి ఒక చిన్న పంపు చాలు. అదే దిగుడును ఈసారి లో-రేంజి మొదటి గేరులో, బ్రేకు దాదాపు ముట్టకుండా ఆవిడే నడిపి దింపింది. వారింట్లో గేర్ల చెక్కు ఇంకా రాయలేదు. ఆయన మాత్రం కేటలాగు దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాడని వినికిడి.

మా అభిప్రాయం అడిగితే ఆవిడ పక్షమే. ఏడాదికి రెండుసార్లు కొండకు పోయే కుటుంబానికి కంపెనీ లో-రేంజి, తగ్గించిన గాలి, నేర్చుకున్న కాలు సరిపోతాయి. నెలకోసారి రాళ్ల మెట్లు వెతుక్కుంటూ పోయేవారు, మాన్యువల్ బండివారు, క్లచ్చి ఒకసారి మార్చుకున్నవారు గేర్లకు డబ్బు పెట్టడంలో అర్థం ఉన్నది. వారికి మేము చెప్పేది ఒకటే, టైర్లకూ ఎత్తుకూ ముందే ఈ పని చేయించండి. చేసే మెకానిక్కును "ఇటువంటి పెట్టెలు ఎన్ని విప్పారు?" అని అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే కాఫీ తాగి వచ్చేయండి.

ఎత్తు కొండల దారులు చాలావరకు జూన్ లోని సెలవు వారాంతం తరువాత మూసి అక్టోబరు ఆఖరు దాకా తెరవరు. ఈలోగా చేతులు ఆడించుకోదలచినవారికి వోంబాట్ అడవి దగ్గరలోనే ఉన్నది, వానలు పడినప్పుడు అక్కడా కొన్ని దారులు మూస్తారు గనుక ముందు విచారించుకోండి. ఒంటరి బండిగా ఎవరూ వెళ్లవద్దు. యు.హెచ్.ఎఫ్. రేడియో ఉన్నవారు లేనివారిని వెంట తీసుకుపొండి. దారులు తెరిచాక నవంబరులో నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక శనివారం బయలుదేరుదామనుకుంటున్నాయి. వచ్చేవారు తమ బండి మొదటి గేరు, లో-రేంజి, ఇరుసు, మూడు అంకెలూ ఒక చీటీ మీద రాసి సంపాదకులకు పంపండి. గుణించి పెట్టే పూచీ మాది. పులిహోర పూచీ మీది.